కుడిమూల గుండుసూది

జల్లెడ గోడ: పదకొండో వారం

పోయిన వారం మన గుండుసూదిని ఛానల్ మేడమ్ గదిలో, ఏడవలేక నవ్వుతూ ఉండగా వదిలిపెట్టాం. ఆర్కిటెక్టుగా పేరు మోసి, పద్నాలుగు నెలల కిందట కన్నుమూసిన తల్లి మీద ఆమె తీస్తున్న డాక్యుమెంటరీ ఆ రోజే మొదటిసారి మేడమ్ కళ్ళబడింది. యాభై రెండు నిమిషాలూ ఓపిగ్గా చూసి మేడమ్ అన్నది ఒకటే మాట: "ఇది సినిమా కాదమ్మా, సంతాపసభ." ఇరవై రోజులు గడువిచ్చింది. ఈలోగా ఆ సినిమాలోకి ఒక మనిషి రావాలట, కోపాలూ తప్పులూ ఉన్న మామూలు మనిషి. రాకపోతే ఛానల్లో ఆ గంట ప్రసారం ఇంకెవరికో ఇచ్చేస్తారట.

ఆ ఇరవైలో పదకొండు రోజులు అప్పుడే ఖర్చయిపోయాయి. గుండుసూది ఎవరిని కదిలించినా ఒకటే పాట. మీ అమ్మ దేవతమ్మా. మీ అమ్మ చెయ్యి పడితే ఇటుక కూడా మాట్లాడేదమ్మా. ఇటుకలు మాట్లాడాయేమో గానీ మనుషులు మాత్రం నోరు విప్పడం లేదు.

ముప్పై ఏడేళ్ళ మనిషిని గుండుసూది అంటారేమిటని కొత్తగా చదువుతున్నవారు అడగవచ్చు. అది తల్లి ఆఫీసులో పుట్టిన పేరు. బల్ల మీద కాగితం కదలకుండా గుచ్చే సూదులు డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసి అందించడం ఐదో ఏట ఆమెకి దొరికిన ఉద్యోగం. ఏడో ఏట అది ఊడిపోయింది. ఒకరోజు ఉన్నట్టుండి అమ్మ ఆఫీసు తలుపు మూసేసింది. "ఇకనుంచి బడి అవగానే పిన్ని వాళ్ళింటికే వెళ్ళిపో" అంది. ఎందుకో చెప్పలేదు. ఆస్పత్రిలో ఆఖరి వారంలో కూడా చెప్పలేదు. ఈ సినిమా అమ్మ కట్టిన భవనాల గురించి అని లోకం అనుకుంటోంది. గుండుసూదికి మాత్రం కావలసింది ఆ తలుపు సంగతి. అది తెలియకుండా సినిమా పూర్తయినా, ఆమెకది పూర్తయినట్టు కాదు.

ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కడే మిగిలాడు. అమ్మ దగ్గర ముప్పై మూడేళ్ళు డ్రాయింగులు గీసిన డ్రాఫ్ట్స్‌మన్. గుండుసూదికి గీతల బాబాయ్. పదకొండుసార్లు తప్పించుకుని, పన్నెండోసారి ఫోను చేస్తే విసుగెత్తి, "గురువారం మధ్యాహ్నం రా. కానీ నేను చెప్పేది కొత్తగా ఏమీ ఉండదు" అన్నాడు.

ఆ గురువారం వచ్చింది.

బాబాయ్ ముందుగది చిన్నది. గది సగం పాత డ్రాయింగ్ బల్లే తినేసింది. ఇప్పుడు దాని మీదే భోజనం. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి చేతి దురద మాత్రం పోలేదు. గదిలో ప్రతి స్విచ్చు కిందా అచ్చు పోసినట్టున్న అక్షరాల్లో ఒక చీటీ: 'ఫ్యాను', 'లైటు', 'పని చెయ్యదు'. ఉప్పు డబ్బా మీద 'ఉప్పు', పంచదార డబ్బా మీద 'పంచదార'. అమ్మ ఆఫీసులో ఎవరెన్ని గీతలు గీసినా, కాగితం మీద అక్షరాలు మాత్రం బాబాయే రాయాలి. అక్షరాలు ఆఖరున, అదీ బాబాయ్ చేత్తో. అది ఆ ఆఫీసు ఆచారం.

కెమెరామన్ ఇరవై ఐదేళ్ళు పెళ్ళిళ్ళకి వీడియోలు తీసి, మోకాళ్ళ నొప్పులొచ్చి డాక్యుమెంటరీలకి మళ్ళిన మనిషి. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? కిటికీ దగ్గరున్న పూలకుండీ తెచ్చి బాబాయ్ భుజం పక్కన పెట్టాడు.

"కాస్త నవ్వండి సార్. ఇటు, నా వైపు."

"సినిమా చనిపోయిన మనిషి మీదయ్యా" అన్నాడు బాబాయ్.

"అయినా సరే సార్. లైట్‌గా."

గుండుసూది కుండీ తీసి మళ్ళీ కిటికీలో పెట్టింది. మొదటి ప్రశ్న నోట్లో ఉండగానే పక్కవాటాలో డ్రిల్లు మొదలైంది. ఆగింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ డ్రిల్లు. మూడోసారికి ఆమెకి ఆ గోడలోంచి చెయ్యి పెట్టి డ్రిల్లు లాక్కోవాలనిపించింది.

చివరికి నిశ్శబ్దం దొరికాక బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. తర్వాత వచ్చిందంతా అదే. దేవత. క్రమశిక్షణ. గీత వంకర పోతే ఊరుకునేది కాదు. ఎవరికి కష్టమొచ్చినా ఆదుకునేది.

"అంతెందుకు, మనం కట్టిన లైబ్రరీకి పునాది తవ్వే రోజుల్లో మా ఆవిడకి పురుడు కష్టమైంది. నాలుగు రోజులు నేను ఆస్పత్రి గుమ్మం దాటలేదు. అంత పని ఒత్తిడిలో కూడా మేడమ్, అదే మీ అమ్మ, 'నువ్వు అక్కడే ఉండవయ్యా, ఇక్కడ నేను చూసుకుంటాను' అంది. అదీ ఆ తల్లి మనసు."

గుండుసూది తలాడించింది. ఇలాంటి మంచితనాలు ఆమె దగ్గర ఇప్పటికే పద్దెనిమిది గంటలు పోగయ్యాయి.

"బాబాయ్, నేనొకటి అడుగుతాను. సూటిగా చెప్పు. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ నన్ను ఆఫీసులోకి రానివ్వడం ఎందుకు మానేసింది?"

బాబాయ్ కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు.

"చిన్నపిల్లవి. చదువు పాడవుతుందని."

"రెండేళ్ళపాటు పాడవని చదువు ఒక్క రోజులో పాడైందా?"

"పెద్దవాళ్ళకి సవాలక్ష ఉంటాయి గుండుసూదీ. వేరే ఏదైనా అడుగు."

"వేరేది ఎవరైనా చెప్తారు! నువ్వూ, పిన్నీ, ఆ లైబ్రరీ కమిటీవాళ్ళూ, అందరూ కలిసి మా అమ్మని గోడకి తగిలించే ఫోటో చేసి పెట్టారు. నాకు ఫోటో అక్కర్లేదు బాబాయ్. ఫోటో మా ఇంట్లో ఉంది."

కెమెరామన్ ఇబ్బందిగా కదిలాడు. బాబాయ్ బల్ల అంచున బొటనవేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఇలా లాభం లేదని గుండుసూది లాప్‌టాప్ తెరిచింది. తీసినంతవరకూ చూపిస్తే మనసు కరుగుతుందేమోనని ఆశ.

సినిమా లైబ్రరీ హాల్లో మొదలవుతుంది. సాయంత్రం. పడమటి వైపు గోడంతా ఇటుకలు ఎడం ఎడంగా పేర్చిన జల్లెడ గోడ. దానిలోంచి వచ్చే ఎండ నేల మీద నాణేల్లా రాలుతుంది. ఆ వెలుగు కోసమే ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఫోటోలు తీసుకుంటారు. అమ్మకి పెద్ద బహుమతి వచ్చింది కూడా ఆ గోడకే. ఆ వెలుగులో ఒక ముసలాయన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటాడు. కెమెరా దగ్గరికి వెళ్ళేసరికి తలెత్తి నవ్వుతాడు. ఛానల్ మేడమ్‌కి సినిమా మొత్తంలో నచ్చింది ఆ నవ్వొక్కటే.

ముసలాయన ముఖం తెర మీదికి రాగానే బాబాయ్ దొంగకి తేలు కుట్టినట్టు బిగుసుకుపోయాడు. గుండుసూది గమనించింది. బాబాయ్‌కి పాత రోజులు గుర్తొచ్చాయి కాబోలు అనుకుని సంతోషించింది కూడా.

తర్వాత అమ్మ డ్రాయింగులు ఒక్కొక్కటే వచ్చాయి. వాటి మీద గుండుసూది గొంతు వినిపించింది: "అమ్మ ప్రతి కాగితం మీదా, మొదటి గీత కంటే ముందు, పై కుడిమూల ఒక చిన్న గుండుసూది బొమ్మ వేసేది. నన్ను ఆఫీసులోకి రానివ్వని అమ్మే, నన్ను ప్రతి కాగితంలోనూ దాచుకుంది."

ఈ వాక్యం రాయడానికి గుండుసూదికి రెండు వారాలు పట్టింది. రాశాక కాసేపు ఏడ్చింది కూడా. అమ్మకి తనంటే ఇష్టమేనని చెప్పడానికి ఆమె దగ్గరున్న సాక్ష్యం ఆ బొమ్మొక్కటే.

"తప్పు" అన్నాడు బాబాయ్.

"ఏంటి?"

"అది తప్పు. తీసెయ్."

ముప్పై మూడేళ్ళు కాగితం మీద తప్పు కనబడితే చెరపకుండా ఉండలేని మనిషి. అబద్ధమైనా కడుపులో దాచుకోగలడు గానీ, తప్పు కొలత కళ్ళముందు అలా వదిలెయ్యమంటే అతని వల్ల కాదు. పన్నెండు ఫోన్లకి లొంగనిది ఆ ఒక్క వాక్యానికి లొంగింది.

"అది ముద్దుకి వేసిన బొమ్మ కాదే. గుర్తు. ట్రేసింగ్ కాగితం తెలుసుగా? అద్దంలా ఉంటుంది. ఎటు తిప్పినా గీతలు కనబడతాయి. అక్షరాలుంటే ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది. లేకపోతే తెలీదు. అందుకని ముందే కుడిమూల ఒక గుర్తు పెట్టాలని మేడమ్ రూలు పెట్టింది. సూది కుడివైపుంటే కాగితం సరిగ్గా ఉన్నట్టు. ఎడమవైపుకొస్తే బోర్లా పడినట్టు. అంతే."

"ఎప్పట్నించి పెట్టింది ఆ రూలు?"

బాబాయ్ నాలిక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. గుండుసూది లాప్‌టాప్‌లో డ్రాయింగులన్నీ తేదీల వరసలో ఉన్నాయి. పై నుంచి కిందికి చూసుకుంటూ పోయింది. లైబ్రరీకి ముందు వేసిన వాటిలో ఒక్కదానిమీదా సూది లేదు. లైబ్రరీ పునాది తర్వాత వేసిన ప్రతి కాగితం మీదా ఉంది.

"లైబ్రరీ కాగితం బోర్లా పడిందా బాబాయ్?"

అతను కిటికీ వైపు చూశాడు. పక్కవాటాలో డ్రిల్లు మళ్ళీ మొదలై ఆగిపోయాక, నెమ్మదిగా అన్నాడు.

"నువ్వే చెప్పు. పుస్తకాలుండే చోట ఎవరైనా పడమటెండ పడనిస్తారా? కాగితాలు పెళుసెక్కిపోవూ? మేడమ్ గీసింది తూర్పు హాలు. పొద్దుటి వెలుగు. పునాది గీతల కాగితం బ్లూప్రింటు తీసేటప్పుడు మెషిన్లో బోర్లా పెట్టారు. అద్దంలో చూసినట్టు తూర్పుది పడమరకొచ్చింది. కొలతలు వేరే కాగితం మీద రాసిచ్చారు, అటు తిప్పినా ఇటు తిప్పినా కొలతలు ఒకటే కాబట్టి అవీ తప్పు పట్టివ్వలేదు. నేనొచ్చి చూసేసరికి పునాది గోడలు మోకాలెత్తు లేచాయి. పగలగొట్టడానికి కమిటీ ఒప్పుకోదు. అప్పుడు మేడమ్ వారం రోజులు కూర్చుని ఆ ఎండని వడగట్టడానికి ఈ జల్లెడ గోడ గీసింది. లోకం మెచ్చిన గోడ కాదే అది, అతుకు."

అమ్మ బహుమతి తీసుకుంటూ, "పడమటి వెలుగుని నేను కావాలనే పిలిచాను" అన్న వీడియో గుండుసూది దగ్గరే ఉంది. సినిమాలో నలభై ఒకటో నిమిషంలో వస్తుంది.

"బోర్లా పెట్టిందెవరు?"

"నేనే" అన్నాడు బాబాయ్, కెమెరా వంక సూటిగా చూస్తూ. "నాదే తప్పు. రాసుకోండి."

వేరే ఎవరైనా అయితే నమ్మేవారే. కానీ ఒకే మాటని నలభైసార్లు వెనక్కి తిప్పి వినడం గుండుసూది వృత్తి. అలాంటివాళ్ళ ముందు అబద్ధం ఆడాలంటే అరగంట కిందట ఏం చెప్పామో గుర్తుండాలి.

"నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు బాబాయ్. నాలుగు రోజులు గుమ్మం దాటలేదన్నావు. అందుకే ఆ కాగితం మీద అక్షరాల్లేవు. రాసే మనిషి లేడు."

బాబాయ్ బల్ల అంచున తాను గీసిన గీతల్ని అరచేత్తో తుడిచేశాడు.

"ఆ రోజు ఆఫీసులో ఎవరున్నారు?"

"మీ అమ్మ."

"ఇంకా?"

"కెమెరా ఆపమను."

కెమెరామన్ చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. "ఆపకండి" అంది గుండుసూది. ఆ గొంతు తనదేనా అని తనకే అనిపించింది.

"మేడమ్ ఫోన్లో ఉంది" అన్నాడు బాబాయ్, బల్లకేసి చూస్తూ. "కమిటీవాళ్ళతో. ఇదంతా తర్వాత తనే నాకు చెప్పింది. గుమ్మంలో మేస్త్రి తొందరపెడుతున్నాడు, కూలీలు ఖాళీగా కూర్చున్నారని. మేడమ్ ఫోను వదలకుండానే చేత్తో సైగ చేసింది, కాగితం మెషిన్లో పెట్టమని. నువ్వు అంతకు ముందు చాలాసార్లు పెట్టావు. స్టూలెక్కి పెట్టేదానివి. ఎప్పుడూ తప్పు పెట్టలేదు. ఎప్పుడూ అక్షరాలుండేవి కాబట్టి."

గుండుసూదికి ముందు గుర్తొచ్చింది వాసన. ఆ ప్రింటు మెషిన్ దగ్గర ముక్కు మండించే అమోనియా వాసన. తర్వాత ఎర్ర స్టూలు. వెచ్చగా, తడితడిగా బయటికి వచ్చే నీలం కాగితం. అది మడిచి ఎవరికో ఇస్తే ఆ మనిషి తన బుగ్గ గిల్లడం. ఇంతకాలం అవన్నీ ఆమెకి తీపి జ్ఞాపకాలు.

జాలి రావాలి. ఏడుపు రావాలి. వచ్చింది మాత్రం కోపం, ఒళ్ళు మండిపోయేంత కోపం.

"దానికా? దానికి నన్ను ముప్పై ఏళ్ళు గుమ్మం బయట నిలబెట్టిందా? నాలుగు తగిలించి, 'వెధవా, కాగితం తిరగేశావే' అంటే సరిపోయేది కదా! పక్కనున్న పిల్లతో చెప్పలేనిది ప్రతి కాగితం మీదా బొమ్మ వేసుకుంటూ కూర్చుందా?"

"నిన్ను శిక్షించడానికి కాదే పిచ్చిదానా."

"మరెందుకు?"

"మేస్త్రి రోజూ వచ్చి గొడవ చేసేవాడు. అది నీ చెవిన పడకూడదని."

అసలు ముడి ఇక్కడ ఉంది. దాన్ని విప్పడానికి బాబాయ్‌కి రెండు గ్లాసుల మంచినీళ్ళు పట్టాయి. కమిటీ వచ్చి, ఇదేమిటని అడిగింది. తప్పు ఆఫీసుదంటే ఆఫీసు మూసుకోవాల్సిందే. ఒంటరి ఆడది, చిన్నపిల్ల, అదే మొదటి పెద్ద పని. మేస్త్రి చదువుకోనివాడు, కాగితం తిరగేసి చూసి పునాది వేశాడని మేడమ్ చెప్పింది. అందరూ నమ్మారు. మేస్త్రి చేతిలో ఉన్న ప్రింటు చూసిస్తానని తీసుకుంది. మళ్ళీ ఇవ్వలేదు. దాని బదులు అక్షరాలతో సహా సరైన ప్రింటు ఒకటి కమిటీ ముందు పెట్టింది.

"ఆ అక్షరాలు?"

బాబాయ్ తన కుడిచేతిని ఎడమచేత్తో కప్పుకున్నాడు. "ఇంకెవరు రాస్తారు? నాలుగు రోజులు సెలవిచ్చిన మనిషి అడిగితే కాదనగలనా? రాశాను."

మేస్త్రిని పనిలోంచి తీసేశారు. తర్వాత ఊళ్ళో అతనికి బోర్లా మేస్త్రి అని పేరు పడింది. ఆ పేరు పడ్డవాడికి పెద్ద భవనం ఎవరిస్తారు? ప్రహరీ గోడలూ కాలవ గట్లూ కట్టుకుంటూ బతికాడు.

"ఇప్పుడున్నాడా? ఎక్కడున్నాడు?"

బాబాయ్ లాప్‌టాప్ దగ్గరికి జరిగి, సినిమాని మొదటికి తిప్పాడు. హాలు, ఎండ, ముసలాయన నవ్వు. అక్కడ ఆపి ఆ ముఖం మీద వేలు పెట్టాడు.

కెమెరామన్ "అయ్యబాబోయ్" అన్నాడు.

మూడు నెలల కిందట ఆ ముసలాయనతో మాట్లాడింది గుండుసూదే. మాటలు తీసేసి సంగీతం పెట్టారు. అసలు టేపు ఇంకా ఉంది. వెతికి, చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుంది.

"నువ్వు ఆ అమ్మగారి కూతురివి కదూ?" ముసలాయన గొంతు.

"అవును తాతగారూ."

"అమ్మగారు నా గురించి ఎప్పుడైనా చెప్పిందా?"

"మీ అందరి గురించీ చెప్పేది తాతగారూ." ఇది తన గొంతు. ఆయనెవరో తెలియకుండా, మర్యాదకి, నోటికొచ్చిన అబద్ధం. దానికి వచ్చిందే ఆ నవ్వు.

తర్వాత కర్రున కుర్చీ చప్పుడు. ఆ చప్పుడు వల్లే అక్కడ కోసేశారు. గుండుసూది సౌండు పెంచింది. చప్పుడు వెనక ఇంకా మాటలున్నాయి.

"అయితే తెలిసే వచ్చావన్నమాట. సంతోషం. కూర్చో తల్లీ." కాసేపాగి, దూరమైపోతున్న అడుగుల చప్పుడు వెనక, "సరే, పని చూసుకో. సాయంత్రాలు ఇక్కడే ఉంటాను."

ఆ రోజు తాను ఎండ పోతోందని కెమెరా వెంట పరిగెత్తింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

కెమెరామన్ స్టాండు మడవబోయాడు. "మీరు రావద్దు. నేనొక్కదాన్నే వెళ్తాను" అంది. గుమ్మం దాటుతుంటే ఫోను మోగింది. ఛానల్ మేడమ్. "ఏమ్మా, దొరికాడా మన మామూలు మనిషి?" గుండుసూది జవాబు చెప్పకుండానే పెట్టేసింది.

లైబ్రరీకి చేరేసరికి ఎండ జల్లెడ గోడలోంచి అప్పుడే దిగుతోంది. పరీక్షలకి చదువుకునేవాళ్ళు నలుగురు, పేపరు చదివేవాళ్ళు ఇద్దరు. చివరి బల్ల దగ్గర ముసలాయన. ఒళ్ళో పుస్తకం ఉంది, పేజీ తిప్పడం లేదు. దగ్గరికి రాగానే ఆమెని గుర్తుపట్టాడు. కాలితో పక్క కుర్చీని ముందుకి తోశాడు. కర్రుమంది. ఆ చప్పుడు గుండుసూదికి బాగా తెలుసు.

ఈసారి కూర్చుంది.

"కెమెరా ఏదీ?" అన్నాడాయన.

"తేలేదు తాతగారూ."

"మంచిది." సిమెంటుకి పగిలి గట్టిపడిన చేతులు పుస్తకం మీద పెట్టుకుని, గోడ వంక చూశాడు. "నేను కాగితంలో ఉన్నట్టే వేశాను. వీసమెత్తు తేడా లేదు. అంటే కాగితమే తిరగబడింది. ఇక్కడ కూర్చుని కూర్చుని అంతవరకు తేల్చుకున్నాను. అమ్మగారు పద్ధతైన మనిషి, ఆవిడ చెయ్యదు. ఆ గీతలాయన ఆ రోజు లేడు. నాకు ఇచ్చిందేమో ఇంతెత్తు పిల్ల. నీకేం తెలుస్తుందిలే అని నిన్నెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు."

ఆయన ఆమె వైపు తిరిగాడు. ముఖం మీద ఎండ చుక్కలు కదిలాయి.

"ముప్పై ఏళ్ళుగా ఇదొక్కటే మిగిలిపోయింది. అమ్మగారు నీకన్నీ చెప్పిందన్నావుగా. నువ్వే చెప్పు తల్లీ. ఆ కాగితం తిరగేసిందెవరు?"